వేరు కాపురం పెట్టిన పాత్ర: చియర్స్, ఫ్రేజర్‌ల లెక్క

ఫ్రెండ్స్ చూసినవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. అందులోని జోయీని కథానాయకుడిగా పెట్టి 2004లో జోయీ పేరుతోనే ఇంకో కార్యక్రమం వచ్చిందంటే మాత్రం వాళ్లలో చాలామంది ఆశ్చర్యపోతారు. ఫ్రెండ్స్ 236 ఎపిసోడ్లు నడిచింది. జోయీ కోసం తీసినవే 46, వాటిలో 8 అమెరికాలో ప్రసారం కూడా కాలేదు. లోకమంతా ఇష్టపడిన పాత్ర, అదే నటుడు, అదే ఛానెల్, అదే గురువారం రాత్రి. అయినా రెండేళ్లకే ముగిసిపోయింది.

ఇలా ఒక కార్యక్రమంలోంచి ఒక పాత్రను బయటికి తెచ్చి, దానికి సొంత కథ కట్టి నడిపే కార్యక్రమాన్ని స్పిన్‌ఆఫ్ అంటారు. ఉమ్మడి ఇంట్లోంచి ఒకరు బయటికొచ్చి వేరు కాపురం పెట్టడం అనుకోండి. ఇక సిట్‌కామ్ అంటే దాదాపు ఒకే చోట, ఒకే మనుషుల మధ్య, వారానికొక అరగంట చొప్పున నడిచే హాస్య కథ. సిట్‌కామ్‌ల వేరు కాపురాలు ఎక్కువగా జోయీ దారిలోనే వెళ్లాయి. కానీ ఒకటి మాత్రం పుట్టింటితో సమానంగా 11 ఏళ్లు నిలిచింది, బహుమతుల్లో దాన్ని మించిపోయింది కూడా. ఆ పుట్టిల్లు చియర్స్, బయటికొచ్చిన సంసారం ఫ్రేజర్. ఈ రెంటిలో ఏది గొప్పదని అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా వాదన నడుస్తూనే ఉంది. అంకెలు దగ్గర పెట్టుకుని చూస్తే అందులో చాలా భాగం తేలిపోతుంది. తేలనిది కొంత మిగులుతుంది, దానికి నా అభిప్రాయం చెబుతాను.

ముందు కథ ఏమిటో తెలియాలి. చియర్స్ 1982 సెప్టెంబరు 30న ఎన్‌బీసీ ఛానెల్లో మొదలై 1993 మే 20న ముగిసింది. బోస్టన్ నగరంలో ఒక బారు. యజమాని శామ్ మలోన్ ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు, తాగుడు మానేసినవాడు. డయాన్ చదువుకున్న అమ్మాయి, పరిస్థితుల వల్ల అక్కడే వెయిట్రెస్‌గా చేరుతుంది. రోజూ వచ్చి అదే స్టూలు మీద కూర్చునే నార్మ్, అన్నీ తెలిసినట్టు మాట్లాడే పోస్ట్‌మ్యాన్ క్లిఫ్, నోటికి అడ్డులేని కార్లా అక్కడి మిగతా మనుషులు. జేమ్స్ బరోస్, గ్లెన్ చార్ల్స్, లెస్ చార్ల్స్ అనే ముగ్గురు దీన్ని సృష్టించారు.

ఫ్రేజర్ క్రేన్ ఈ బారులోకి 1984లో, మూడో సీజన్లో వచ్చాడు. సీజన్ అంటే ఒక ఏడాది ప్రసారమయ్యే ఎపిసోడ్ల వరస. ఫ్రేజర్ మానసిక వైద్యుడు, డయాన్‌ను ప్రేమిస్తాడు. శామ్‌కీ డయాన్‌కీ మధ్య అడ్డుగా కొద్ది ఎపిసోడ్లు ఉండి వెళ్లిపోవాల్సిన పాత్ర అది. నటుడు కెల్సీ గ్రామర్ దాన్ని ఎంత బాగా పట్టుకున్నాడంటే, చియర్స్ అయిపోయేదాకా, అంటే ఇంకో 9 ఏళ్లు ఆ పాత్ర అక్కడే ఉండిపోయింది. చియర్స్ ముగిసిన నాలుగు నెలలకే, 1993 సెప్టెంబరు 16న, ఫ్రేజర్ మొదలైంది. విడాకులు తీసుకున్న వైద్యుడు సొంతూరు సియాటిల్‌కు తిరిగొచ్చి, రేడియోలో శ్రోతల మనోవ్యథలకు సలహాలు చెబుతుంటాడు. తుపాకి గుండు తగిలి తుంటి దెబ్బతిన్న తండ్రి మార్టిన్, మాజీ పోలీసు, కొడుకు ఇంట్లోకి వచ్చి చేరతాడు. తమ్ముడు నైల్స్ కూడా మానసిక వైద్యుడే. ఇది 2004 మే 13 దాకా సాగింది.

ఇక పొడవు లెక్క. చియర్స్ 275 ఎపిసోడ్లు, ఫ్రేజర్ 264. (చియర్స్‌కు 270 అన్న అంకె కూడా కనిపిస్తుంది. గంట, గంటన్నర నడిచిన ప్రత్యేక ఎపిసోడ్లను ఒకటిగా లెక్కించడమా, రెండు మూడుగా లెక్కించడమా అన్నదే తేడా. కంగారు పడనక్కర్లేదు.) ఫ్రేజర్ లెక్క మరీ తేలిక. ఏటా 24 చొప్పున 11 ఏళ్లు, సరిగ్గా 264. ప్రకటనలు తీసేస్తే చియర్స్ ఎపిసోడు సుమారు 24 నిమిషాలు, ఫ్రేజర్ సుమారు 22. అంటే మొదటిది దాదాపు 110 గంటలు, రెండోది దాదాపు 97. రెండున్నర గంటల తెలుగు సినిమా లెక్కలో చెబితే 44 సినిమాలు ఒకవైపు, 39 సినిమాలు ఇంకోవైపు. పొడవులో తేడా ఉన్నా, పెద్దగా లేదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. మన కార్తీక దీపం 2017 నుంచి 2023 లోపలే 1,500 ఎపిసోడ్లు దాటింది కదా, 264 ఏం గొప్ప? మన సీరియల్ రోజూ వస్తుంది, ఒకే కథను లాగుతూ పోతుంది. అమెరికా సిట్‌కామ్ వారానికి ఒక్కసారి వస్తుంది, ఏడాదిలో సగం వారాలు కూడా రాదు. ప్రతి ఎపిసోడూ ఒక చిన్న నాటకం, ఆ 22 నిమిషాల్లోనే మొదలై అక్కడే ముగియాలి. నటులు వారంలో కొన్ని రోజులు రిహార్సల్ చేసుకుని, స్టూడియోలో ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల ముందు మూడు నాలుగు కెమెరాలతో తీయించుకుంటారు. అలాంటి నాటకాలు 264 రాయడమంటే 264 కొత్త కథలు వెతుక్కోవడమే. అందుకే అక్కడ 100 ఎపిసోడ్లు పూర్తయితే కేకు కోస్తారు.

చూసినవాళ్ల సంఖ్యలో మాత్రం పోటీయే లేదు. అమెరికాలో టీవీ చూపును లెక్కగట్టేది నీల్సన్ సంస్థ. అది రెండు అంకెలు ఇస్తుంది. టీవీ ఉన్న మొత్తం ఇళ్లలో ఎన్ని ఇళ్లు ఆ కార్యక్రమం పెట్టుకున్నాయో చెప్పేది రేటింగ్, మన టీఆర్పీ లాంటిది. ఆ సమయానికి టీవీ ఆన్‌లో ఉన్న ఇళ్లలో ఎన్ని పెట్టుకున్నాయో చెప్పేది షేర్. చియర్స్ చివరి ఎపిసోడుకు రేటింగ్ 45.5, షేర్ 64 వచ్చాయి. మీ వీధిలో టీవీ ఉన్న ఇళ్లు 100 అనుకోండి. ఆ రాత్రి 71 ఇళ్లలో టీవీ నడుస్తుంటే, వాటిలో 45 ఇళ్లలో చియర్సే నడుస్తోంది. మనుషుల లెక్కలో 8 కోట్లకు పైగా. అప్పటి అమెరికా జనాభా సుమారు 26 కోట్లు కాబట్టి, పసిపిల్లలతో సహా ప్రతి పదిమందిలో ముగ్గురు ఒకే గంటలో ఒకే బారు వంక చూస్తున్నారు.

ఫ్రేజర్ చివరి ఎపిసోడును చూసినవాళ్లు 3 కోట్లకు పైగా. జనాభా అప్పటికి 29 కోట్లు దాటింది. అంటే పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. అంతకు సరిగ్గా వారం ముందు ముగిసిన ఫ్రెండ్స్‌ను 5 కోట్ల 25 లక్షల మంది చూశారు. ఏడాది పొడవునా వచ్చిన సగటులోనూ ఇదే వరస. చియర్స్ 11 సీజన్లలో 8 సార్లు దేశంలోని మొదటి పది కార్యక్రమాల్లో నిలిచింది, 1990-91లో మొదటి స్థానమే దక్కించుకుంది. ఫ్రేజర్ తొలి ఏడాది 7వ స్థానంలోనూ 1998-99లో 3వ స్థానంలోనూ నిలిచింది కానీ, మొదటి స్థానం ఎన్నడూ దాని చేతికి రాలేదు.

అయితే ఫ్రేజర్‌ను జనం తక్కువగా ఇష్టపడ్డారా? అలా అనుకోవడం తొందరపాటే. చియర్స్ మొదలైన 1982లో అమెరికా సాయంత్రాలు దాదాపుగా మూడు పెద్ద ఛానెళ్ల చేతిలో ఉండేవి. ఫ్రేజర్ ముగిసేనాటికి పెద్ద ఛానెళ్లే ఆరు. వాటికి తోడు కేబుల్లో వార్తలు, ఆటలు, సినిమాలు విడివిడిగా వచ్చేశాయి. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఆదివారం పొద్దున రామాయణం వస్తే వీధులు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత ఎంత మంచి కార్యక్రమం వచ్చినా వీధులు అలా ఖాళీ కాలేదు. చూసేవాళ్లు పలుచోట్లకు చెదిరిపోయారు. కాబట్టి 8 కోట్లకూ 3 కోట్లకూ మధ్య తేడాలో ఎంతో భాగం కాలానిది, కొంత మాత్రమే కార్యక్రమాలది. ఈ అంకెను పక్కన పెట్టమని అనను. దీన్నిబట్టి తీర్పు మాత్రం చెప్పకూడదు అంటాను.

అంతమంది ప్రేక్షకులు చియర్స్‌కు ఊరికే రాలేదు కూడా. తొలి ఏడాది అది పట్టికలో అట్టడుగున ఉంది. మరో ఛానెల్ అయితే ఆపేసేది. ఎన్‌బీసీ అప్పుడు మూడు ఛానెళ్లలో మూడోది, ఆపేసినా ఆ చోట పెట్టడానికి దాని దగ్గర మెరుగైనది లేదు. పైగా విమర్శకులు మెచ్చుకున్నారు, 1983లో ఉత్తమ హాస్య కార్యక్రమంగా ఎమ్మీ వచ్చింది. 1984లో ద కాస్బీ షో గురువారం రాత్రి మొదలై ఆ పూటంతా జనాన్ని ఎన్‌బీసీ దగ్గర కూర్చోబెట్టాక, చియర్స్ పైకి లేచింది. రెండేళ్లకు పైగా ఓపిక పట్టిన ఫలితం అది. ఫ్రేజర్‌కు అలాంటి పరీక్ష లేదు. మొదటి రోజు నుంచే సైన్‌ఫెల్డ్ అనే పేరున్న హాస్య కార్యక్రమం తర్వాతి అరగంట దొరికింది. ఆ పాత్రను అప్పటికే 9 ఏళ్లుగా ఎరిగిన ప్రేక్షకులు ఉన్నారు. తొలి ఏడాది 7వ స్థానం రావడంలో పుట్టింటివాళ్లు ఇచ్చిన సారె చాలానే ఉంది. మరుసటి ఏడాది దాన్ని మంగళవారానికి, బలమైన పోటీ ఎదుటికి మార్చినప్పుడు కూడా తట్టుకు నిలబడటం మాత్రం పూర్తిగా దాని సొంతం.

ఎమ్మీలకు వద్దాం. ఎమ్మీ అంటే టీవీ రంగంలో పనిచేసేవాళ్లే ఓటు వేసి ఏటా ఇచ్చే బహుమతి, సినిమాకు ఆస్కార్ ఎలాగో టీవీకి ఇది అలాగ. చియర్స్‌కు 117 నామినేషన్లు, 28 బహుమతులు. ఫ్రేజర్‌కు వంద దాటిన నామినేషన్లు, 37 బహుమతులు. చియర్స్ దాదాపు ప్రతి 10 ఎపిసోడ్లకు ఒక ఎమ్మీ సంపాదిస్తే, ఫ్రేజర్ ప్రతి 7 ఎపిసోడ్లకు ఒకటి సంపాదించింది. నామినేషన్ వస్తే బహుమతి దక్కే అవకాశం మొదటిదానికి నాలుగింట ఒకటి, రెండోదానికి మూడింట ఒకటి.

ఉత్తమ హాస్య కార్యక్రమం బహుమతి చియర్స్‌కు 4 సార్లు వచ్చింది: 1983, 1984, 1989, 1991. ఫ్రేజర్‌కు 1994 నుంచి 1998 దాకా వరసగా 5 సార్లు. అంతకుముందు ఏ హాస్య కార్యక్రమమూ వరసగా ఐదేళ్లు గెలవలేదు. ఆ ఐదేళ్లూ సైన్‌ఫెల్డ్ కూడా పోటీలో ఉంది. రాసిన కథతో నడిచే కార్యక్రమాల్లో 37 ఎమ్మీల రికార్డు 2016 దాకా ఫ్రేజర్‌దే. దాన్ని దాటింది గేమ్ ఆఫ్ థ్రోన్స్. డ్రాగన్లు, యుద్ధాలు, ఎన్నో దేశాల్లో చిత్రీకరణ, గ్రాఫిక్స్, దుస్తులు, పోరాటాలు ఇలా సాంకేతిక విభాగాలన్నిటిలో బహుమతులు కూడబెట్టుకున్నాక, ఒక సోఫా, ఒక పాత కుర్చీ, ఒక రేడియో గది ఉన్న కార్యక్రమాన్ని అది దాటగలిగింది. ఇది నాకు ఫ్రేజర్ గురించి మిగతా అన్ని అంకెల కంటే ఎక్కువ చెబుతుంది.

నటుల లెక్కలో ఇద్దరిని చెప్పుకుంటే చాలు. కెల్సీ గ్రామర్‌కు చియర్స్‌లో నామినేషన్లు వచ్చాయి కానీ బహుమతి రాలేదు. అదే పాత్రకు ఫ్రేజర్‌లో 4 ఎమ్మీలు వచ్చాయి. చియర్స్‌లో 9, ఫ్రేజర్‌లో 11, మొత్తం 20 ఏళ్లు ఎడతెగకుండా ఒకే పాత్ర పోషించి, గన్‌స్మోక్ అనే కార్యక్రమంలో జేమ్స్ ఆర్నెస్ 1955 నుంచి 1975 దాకా నెలకొల్పిన రికార్డును అందుకున్నాడు. మూడో సీజన్లో పుట్టిన బిడ్డ హైస్కూలు ముగించి కాలేజీలో చదివే వయసు దాకా అన్నమాట. నైల్స్ పాత్ర వేసిన డేవిడ్ హైడ్ పియర్స్‌కు 11 సీజన్లలో 11 నామినేషన్లు, 4 ఎమ్మీలు. అసలు నైల్స్ అనే తమ్ముడు మొదటి ఆలోచనలో లేనే లేడు. పియర్స్ ఫొటో చూసి, యువకుడిగా ఉన్న గ్రామర్‌లా ఉన్నాడే అనిపించి, తమ్ముడి పాత్రను కల్పించారు.

మరి ఎమ్మీలు ఎక్కువ కాబట్టి ఫ్రేజరే గొప్పదా? రాసేవాళ్లు ఏమనుకుంటున్నారో కూడా చూడాలి. అమెరికా రచయితల సంఘం 2013లో అన్ని కాలాల్లోనూ బాగా రాసిన 101 టీవీ కార్యక్రమాల జాబితా వేసింది. అందులో చియర్స్ 8వది, ఫ్రేజర్ 23వది. మాటల పదునులో, అల్లికలో ఫ్రేజర్ ముందుందని చూసినవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. అయినా అదే పని చేసే రచయితలు చియర్స్‌ను 15 మెట్లు పైన కూర్చోబెట్టారు. కారణం ఉంది. చియర్స్ ఇతరులకు పనికొచ్చే పద్ధతులు ఇచ్చింది.

వాటిలో పెద్దది శామ్, డయాన్‌ల కథ. ఇద్దరు పోట్లాడుకుంటారు, ఇష్టపడతారు, ఒప్పుకోరు. వాళ్లు కలుస్తారా లేదా అని జనం వారం వారం ఎదురుచూస్తారు. సినిమాల్లో ఇది పాతదే, మనకు బాగా అలవాటైనదే. కానీ ప్రతి ఎపిసోడూ దానంతటదే ముగిసే సిట్‌కామ్‌లో ఏళ్ల తరబడి నడిచే ప్రేమకథను వెన్నెముకగా పెట్టి, దేశమంతా దాని గురించి మాట్లాడుకునేలా చేసింది చియర్స్. ఫ్రెండ్స్‌లో రాస్, రేచల్, ద ఆఫీస్‌లో జిమ్, పామ్ ఆ దారిలో వచ్చినవాళ్లే. ఫ్రేజర్‌లో నైల్స్‌కు తండ్రిని చూసుకునే డాఫ్నీ మీద ఉన్న మూగ ప్రేమా అంతే. శామ్, డయాన్‌లు మొదటి సీజన్ చివరే ఒకరినొకరు ముద్దుపెట్టుకుంటారు. నైల్స్ తన మనసు బయటపెట్టి డాఫ్నీతో వెళ్లేసరికి 7 సీజన్లు పడుతుంది. 168 ఎపిసోడ్లు, అరవై గంటలకు పైగా. పుట్టింటి పద్ధతిని తీసుకుని, దాన్ని ఇంత సాగదీసినా తెగకుండా పట్టుకోవడం ఫ్రేజర్ రచయితల నేర్పు. ఆ పద్ధతిని టీవీకి తెచ్చిపెట్టిన గౌరవం మాత్రం చియర్స్‌కే వెళ్తుంది.

ఇంకొకటి చెప్పాలి. చియర్స్ తన మనుషులను పోగొట్టుకుని కూడా నిలబడింది. బారులో పనిచేసే కోచ్ పాత్ర వేసిన నికొలస్ కొలసాంటో 1985లో కన్నుమూశాడు. ఆ చోటికి అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని వుడీ హారెల్సన్, వుడీ అనే పాత్రలోనే వచ్చాడు. డయాన్ పాత్ర వేసిన, కథకు సగం ప్రాణమైన షెల్లీ లాంగ్ 1987లో వెళ్లిపోయింది, కర్స్టీ ఆలీ వచ్చింది. దేశంలో మొదటి స్థానం వచ్చింది ఆ తర్వాతే. బారుకు మనుషులు వస్తారు, పోతారు, బారు ఉంటుంది. ఆ బలం చియర్స్ కట్టుబడిలోనే ఉంది. ఫ్రేజర్‌లో అన్నదమ్ములు, తండ్రి, డాఫ్నీ, రేడియోలో తోటి ఉద్యోగి రోజ్, ఈ ఐదుగురూ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉన్నారు. వాళ్లలో ఎవరు లేకపోయినా ఆ కార్యక్రమం అలాగే నిలిచేదని నేను అనుకోను.

2023లో చియర్స్ సెట్‌లోని ఆ బారు కౌంటరును వేలం వేస్తే 6,75,000 డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు. కార్యక్రమం ముగిసిన 30 ఏళ్లకు ఒక చెక్క బల్లకు అంత పెట్టిన మనిషి ఉన్నాడంటే, జనం మనసులో మిగిలింది ఆ చోటు అని అర్థమవుతుంది. ఫ్రేజర్ పేరెత్తితే గుర్తొచ్చేవి మాటలు, అపార్థాలు, ఒక తలుపులోంచి ఒకరు వస్తుంటే ఇంకో తలుపులోంచి ఇంకొకరు జారుకునే గందరగోళాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. జోయీ ఎందుకు పడిపోయింది, ఫ్రేజర్ ఎందుకు నిలబడింది? పాత్ర అదృష్టం అని సరిపెట్టుకోలేం. ఎందుకంటే చియర్స్ నుంచే అంతకుముందు ఒక వేరు కాపురం మొదలై కుప్పకూలింది. కార్లా మాజీ భర్త నిక్ టోర్టెల్లీని పెట్టి 1987లో ద టోర్టెల్లీస్ అని తీశారు. 13 ఎపిసోడ్లతో ముగిసింది. చియర్స్ మంచి ఊపులో ఉన్న రోజులవి. పుట్టింటి పేరు చాలదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఫ్రేజర్‌ను తీసిన డేవిడ్ ఏంజెల్, పీటర్ కేసీ, డేవిడ్ లీ చియర్స్‌లోనే రచయితలుగా పనిచేసినవాళ్లు. పుట్టిల్లు ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదమని వాళ్లకు తెలుసు. బోస్టన్‌లోనే పెడితే, రేటింగ్ తగ్గినప్పుడల్లా శామ్‌ను తీసుకురండి, నార్మ్‌ను తీసుకురండి అని ఛానెల్ అడుగుతుంది. అందుకే కథను దేశంలో ఆ చివరికి, సియాటిల్‌కు తీసుకుపోయారు. రెండూళ్ల మధ్య సుమారు 4,000 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి దుబాయ్‌కి ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. ఇవాళ సియాటిల్ అంటే మన ఇళ్లలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. అప్పటికి అమెజాన్ పుట్టనే లేదు. ఆ ఊరికి అప్పుడే వస్తున్న పేరు కాఫీది, అందుకే బారు ఉండాల్సిన చోట ఒక కాఫీ హోటల్ పెట్టారు.

మార్చింది ఊరొక్కటే కాదు. చియర్స్‌లో ఫ్రేజర్ బారులోని మామూలు మనుషుల మధ్య మిడిసిపడే పండితుడు, అందరూ ఆటపట్టించే మనిషి. కొత్త కథలో అతనికంటే నాలుగాకులు ఎక్కువ చదివిన తమ్ముణ్ణి పక్కన పెట్టగానే, ఫ్రేజర్ కాస్త మామూలు మనిషిలా కనిపించడం మొదలైంది. నేల విడిచి మాట్లాడే ఇద్దరు కొడుకులనూ కిందికి దించడానికి పోలీసు తండ్రి ఉన్నాడు. చియర్స్‌లో ఫ్రేజర్ తన తండ్రి పరిశోధకుడని, చనిపోయాడని చెప్పాడు. కొత్త రచయితలు ఆ మాటకు కట్టుబడలేదు. 1995లో శామ్ సియాటిల్ వచ్చినప్పుడు, అప్పట్లో నాన్నతో గొడవపడి అలా చెప్పానని ఫ్రేజర్ చేత ఒప్పించి, ఆ ముడి విప్పారు. కొడుకు తనను చచ్చిపోయాడని చెప్పుకున్నాడన్న సంగతి తండ్రి ఎదుట బయటపడటం ఆ కార్యక్రమానికే తగిన కథ అయింది.

పుట్టింటి మీద ఎంత ఆధారపడ్డారో లెక్కేద్దాం. మాజీ భార్య లిలిత్‌ను పక్కన పెడదాం, ఆమె ఫ్రేజర్ కొడుకుకు తల్లి కాబట్టి రావడం సహజం. మిగిలిన చియర్స్ మనుషులు 11 ఏళ్లలో వచ్చిన ఎపిసోడ్లు 264లో పది కూడా లేవు. శామ్ 1995లో, డయాన్ 1996లో, వుడీ 1999లో, నార్మ్, క్లిఫ్, కార్లా 2002లో. ఎక్కువమంది ఒక్కొక్కసారే వచ్చి వెళ్లారు. వంద ఎపిసోడ్లకు నాలుగు కూడా లేవు. చియర్స్ ఒక్క నిమిషం కూడా చూడనివాళ్లకు ఫ్రేజర్‌లో అర్థం కానిది దాదాపు ఏమీ ఉండదు. స్పిన్‌ఆఫ్‌లను తూచడానికి నాకు దొరికిన నమ్మకమైన కొలత ఇదే.

ఈ కొలతకు నిలిచినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఆల్ ఇన్ ద ఫ్యామిలీలో పొరుగింటి నల్లజాతి కుటుంబం 1975లో వేరుపడి ద జెఫర్సన్స్ అయింది. పుట్టిల్లు 200 పైచిలుకు ఎపిసోడ్లు నడిస్తే ఇది 253 నడిచింది. దానితోనే 1981లో ఇసబెల్ శాన్‌ఫర్డ్ హాస్య కార్యక్రమాల్లో ఉత్తమ నటి ఎమ్మీ గెలిచిన తొలి నల్లజాతి మహిళ అయింది. ద బిగ్ బ్యాంగ్ థియరీ 279 ఎపిసోడ్లయితే, దానిలోంచి వచ్చిన యంగ్ షెల్డన్ 141. సగమే అయినా, నవ్వుల స్టూడియో నుంచి బయటపడి టెక్సస్‌లో ఒక కుటుంబం కథగా మారింది. అది కూడా ఊరు, కాలం, నడక అన్నీ మార్చుకున్నదే.

ఫ్రేజర్ తానే పుట్టిల్లయినప్పుడు ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2023 అక్టోబరులో పారామౌంట్ ప్లస్‌లో ఫ్రేజర్‌ను మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి బోస్టన్‌లో. మార్టిన్ వేసిన జాన్ మహోనీ 2018లోనే చనిపోయాడు. డేవిడ్ హైడ్ పియర్స్ తిరిగి రానన్నాడు. 10 చొప్పున రెండు సీజన్లు, 20 ఎపిసోడ్లు నడిచింది, 2025 జనవరిలో ఆపేశారు. అసలు కార్యక్రమంలో ఒక ఏడాది పంటే 24. ఫ్రేజర్ ఒక్కడే ఫ్రేజర్ కాదని, ఆ తమ్ముడూ తండ్రీ కలిస్తేనే అతనని ఈ అంకె చెప్పినంత గట్టిగా విమర్శకులెవరూ చెప్పలేరు.

మరి ఏది గొప్పదంటారు అని మీరు పట్టుబడితే, నా మాట ఇది. ఒక్కొక్క ఎపిసోడు తీసి పక్కపక్కన పెడితే ఫ్రేజర్‌లో మంచివి ఎక్కువ. 37 ఎమ్మీలు అతిశయోక్తి కాదు. కానీ వారసత్వం అన్నప్పుడు నేను చియర్స్ వైపే ఉంటాను. సిట్‌కామ్‌లో ఏళ్ల తరబడి నడిచే ప్రేమ, మనుషులు మారినా నిలిచే చోటు దాని నుంచే చాలామంది నేర్చుకున్నారు. ఫ్రేజర్ పాత్ర, దాన్ని వేసిన నటుడు, దాన్ని తీసిన ముగ్గురు రచయితలు, తొలి ఎపిసోడుకు దర్శకత్వం వహించిన జేమ్స్ బరోస్, అందరూ ఆ బారులోంచి వచ్చినవాళ్లే. ఫ్రేజర్ గెలిచిన ప్రతిదాంట్లోనూ చియర్స్‌కు ఒక వాటా ఉంది. అటునుంచి ఇటు అలాంటి బాకీ ఏమీ లేదు.

చూడాలనిపిస్తే దేనితో మొదలుపెట్టాలి? రెండూ కలిపితే 200 గంటలు దాటుతాయి. రాత్రి భోజనాలయ్యాక రోజుకో గంట చూసినా ఏడు నెలలు పడుతుంది, అంత అవసరం లేదు. ఫ్రేజర్ మొదటి సీజన్ 24 ఎపిసోడ్లు, తొమ్మిది గంటల లోపే. దానితో మొదలుపెట్టండి, వెనక కథ తెలియకపోయినా నడుస్తుంది. అది నచ్చితే చియర్స్ మొదటి సీజన్ 22 ఎపిసోడ్లకు వెళ్లండి, అదీ తొమ్మిది గంటల లోపే. అందులో ఫ్రేజర్ కనిపించడు, కంగారు పడకండి. అతను మూడో సీజన్లో వస్తాడు.